టైఫాయిడ్ అని రాయించుకుని రమ్మనకండి

నల్లగొండ, సూర్యాపేట, మహబూబ్‌నగర్, నాగర్‌కర్నూల్, వనపర్తి, గద్వాల, నారాయణపేట జిల్లాల్లోని విశ్వవిద్యాలయాల అధికారులకు, కళాశాలల ప్రిన్సిపాళ్లకు, అధ్యాపకులకు, హాస్టల్ వార్డెన్లకు నమస్కరించి రాస్తున్న బహిరంగ లేఖ.

ప్రతి సెమిస్టర్ చివర, పరీక్ష ఫీజు కట్టే రోజులకు కాస్త ముందు, మీ టేబుల్ మీదికి ఒక జాబితా వస్తుంది. హాజరు 75 శాతానికి తగ్గినవారి పేర్లు అందులో ఉంటాయి. మీరు సంతకం పెడతారు, అటెండరు దాన్ని నోటీసు బోర్డుకు అంటిస్తాడు. ఆ పేర్లలో ఊరికే తిరిగినవారు ఉంటారు. రాత్రి షిఫ్టు పనికి పోయి పొద్దున నిద్ర ఆపుకోలేనివారు ఉంటారు. పత్తి ఏరే కాలంలో ఇంటికి వెళ్లి, కూలీలు దొరకక అక్కడే ఆగిపోయినవారు ఉంటారు. వీళ్లందరి మధ్య, హాస్టల్ గదిలోనే ఉండి, క్లాసు ఎన్నింటికో తెలిసి, వెళ్లాలని ఉండి కూడా మంచం దిగలేకపోయినవారు కొందరుంటారు. ఈ లేఖ వారి గురించి. రసాయనశాస్త్రంలో పీజీ చదువుతూ నేనూ ఆ జాబితాకు ఎక్కాను.

డిప్రెషన్ ముందుగా ఎవరి కంట పడుతుందో ఆలోచించండి. అమ్మానాన్నలకు తెలియదు, ఎందుకంటే ఫోనులో "బాగానే ఉన్నాను, తిన్నాను" అని చెబుతాం. డాక్టరుకు తెలియదు, ఆయన దగ్గరికి మేము వెళ్లం. స్నేహితులు "ఈ మధ్య మాట్లాడటం లేదు" అనుకుని ఊరుకుంటారు. కానీ హాజరు పట్టీలో అది వరుసగా పడిపోతూ ఉంటుంది. నిన్నటిదాకా మొదటి బెంచీలో కూర్చున్న అమ్మాయి పేరు ఎదురుగా ఖాళీ గళ్లు పెరుగుతూ ఉంటాయి. మా జబ్బు జాడ అందరికన్నా ముందు మీ చేతిలోనే ఉంది. ఇప్పటిదాకా ఆ పట్టీ పరీక్షకు ఎవరిని ఆపాలో చెప్పడానికే పనికొచ్చింది. ఎవరి గది తలుపు తట్టాలో చెప్పడానికి కూడా దాన్ని వాడండి. నేను అడగదలచుకున్నది ఇదే. మిగతాదంతా దీనికి వివరణ.

ఆ స్థితి ఎలా ఉంటుందో తెలియనివారికి సోమరితనంలాగే కనిపిస్తుంది కాబట్టి కొంచెం చెప్పాలి. రాత్రి ఎంతసేపైనా నిద్ర పట్టదు. తెల్లవారుజామున పడుతుంది. లేచేసరికి మొదటి రెండు క్లాసులు అయిపోతాయి, ఇప్పుడు వెళితే అందరూ చూస్తారని మూడోదీ పోతుంది. మెస్ గంట వినిపిస్తుంది కానీ ఆకలి తెలియదు. నాకు బాగా గుర్తున్నది రికార్డు పుస్తకం. టైట్రేషన్ చేసి బ్యూరెట్ రీడింగులు రఫ్ పుస్తకంలో రాసుకున్నాను. వాటిని గీతలు కొట్టిన పట్టికలోకి ఎక్కించాలి, అంతే. లెక్క లేదు, ఆలోచించాల్సింది లేదు. సాయంత్రం నుంచి మెస్ మూసే వేళదాకా పెన్ను పట్టుకుని కూర్చున్నాను. అంకెలు కళ్ల ముందే ఉన్నాయి. మొదటి గడి కూడా నిండలేదు. ఇంటర్‌లో, డిగ్రీలో మంచి మార్కులు తెచ్చుకున్నదాన్ని, నాలుగు అంకెలు రాయలేకపోతున్నానంటే ఇక నేను దేనికీ పనికిరానని ఆ రాత్రి గట్టిగా నమ్మాను. ఆ నమ్మకం జబ్బులో భాగమని తర్వాత డాక్టరు చెప్పారు. అప్పుడు మాత్రం అది నాకు నిజంలాగే ఉంది.

చదవబుద్ధి కాని ప్రతి విద్యార్థికీ డిప్రెషన్ ఉందని నేను అనడం లేదు. అలా అనుకుంటే అసలు కారణాలు మరుగున పడతాయి. డిగ్రీ ప్రవేశాల దోస్త్‌లోనో, పీజీ ప్రవేశాల సీపీగెట్‌లోనో కోరుకున్న కోర్సు రాక, వచ్చిన సీటులో చేరినవాడికి పాఠం మీద ఆసక్తి పుట్టకపోవడం జబ్బు కాదు. రీయింబర్స్‌మెంట్ బకాయిలు రాలేదని సర్టిఫికెట్లు ఆపితే, ఈ చదువు దేనికని అనిపించడమూ జబ్బు కాదు. ఉద్యోగ నోటిఫికేషన్ల కోసం ఏళ్ల తరబడి చూసిన అన్నలను, అక్కలను చూస్తూ పెరిగినవారికి నిరాశ కలగడం సహజం. వీటికి మందు డాక్టరు దగ్గర లేదు, ప్రభుత్వం దగ్గర, మీ దగ్గర ఉంది. కానీ దిగులో, దేని మీదా ఆసక్తి లేకపోవడమో రెండు వారాలకు పైగా దాదాపు రోజంతా వదలకుండా ఉండి, దానికి తోడు నిద్ర, తిండి, ఏకాగ్రత, ఒంట్లో సత్తువ దెబ్బతింటే, తనను తాను పనికిరానివాడిగా తలచుకోవడం మొదలైతే, అది డాక్టరుకు చూపించాల్సిన విషయం. ఒకదాన్ని చూసి మరొకటి అనుకోకూడదు. నిజానికి మొదటిది ముదిరి రెండోదిగా మారడం నేను చుట్టుపక్కల గదుల్లో చూశాను.

నన్ను ఆసుపత్రికి తీసుకెళ్లింది నా రూమ్మేట్. "జ్వరం వస్తే తీసుకెళ్లనా, ఇదీ అంతే" అని ఆటో ఎక్కించింది. ప్రభుత్వ ఆసుపత్రిలో చీటీ రాయించుకుని మానసిక వైద్య విభాగం ముందు కూర్చున్నాం. నా పక్కన నిద్రపట్టని ఒక ముసలాయన, కాన్పు తర్వాత ఎవరితోనూ మాట్లాడని కోడలిని తీసుకొచ్చిన ఒక అత్త ఉన్నారు. నేను ఊహించుకున్న భయంకరమైన చోటు కాదది. డాక్టరు ముందు రక్తపరీక్షలకు పంపారు. రక్తహీనత, థైరాయిడ్ లోపం కూడా ఇలాగే నీరసంగా, దిగులుగా ఉంచుతాయని, ముందు వాటిని చూసుకోవాలని చెప్పారు. తర్వాత మాత్రలు రాశారు. అవి వేసుకోగానే పనిచేయవు, తేడా తెలియడానికి కొన్ని వారాలు పడుతుంది, మత్తుమందులా అలవాటు కావు, అయితే బాగుందని మీ అంతట మీరే ఒక్కసారిగా మానేయకూడదు అని విడమరచి చెప్పారు. మరో మాట కూడా చెప్పారు. ఉత్సాహం వచ్చాక పని మొదలుపెడతానని ఎదురుచూస్తే ఈ జబ్బులో అది రాదు, ముందు చాలా చిన్న పని ఒకటి చెయ్యి, ఉత్సాహం దాని వెనక వస్తుంది అన్నారు. రికార్డు మొత్తం పూర్తి చెయ్యమనలేదు, పట్టిక గీతలు మాత్రం కొట్టమన్నారు. నేను గీతలు కొట్టాను. మర్నాడు రూమ్మేట్ అంకెలు చదువుతుంటే రాశాను.

ఇక మీకు నేరుగా సంబంధించిన సంగతి. చాలా చోట్ల హాజరు 65 నుంచి 75 శాతం మధ్య ఉంటే వైద్య ధ్రువపత్రం, రుసుము తీసుకుని కండోనేషన్, అంటే తగ్గిన హాజరుకు మినహాయింపు, ఇస్తారు. నేను ఆసుపత్రి చీటీ జత చేసి దరఖాస్తు పట్టుకుని ఆఫీసుకు వెళ్లాను. అక్కడి ఉద్యోగి చీటీ చదివి, చుట్టూ చూసి, గొంతు తగ్గించి అన్నారు: "ఇది పెట్టకు బిడ్డా. కాగితాల్లో ఉండిపోతుంది. రేపు ఉద్యోగానికి అడ్డం, పెళ్లికి అడ్డం. టైఫాయిడ్ అని రాయించుకుని రా, సారు వెంటనే సంతకం పెడతారు." ఎక్కడ రాయించుకోవాలో కూడా చెప్పారు. ఆయన చెడ్డవారు కాదు. నా మీద ప్రేమతోనే అన్నారు, తన కూతురికైనా ఆ సలహాయే ఇచ్చి ఉండేవారు. అందుకే నాకు మరింత బాధ కలిగింది. ఒక మంచి మనిషి ఒక ఆడపిల్లకు చేయగలిగిన సాయం, ఆమె జబ్బును దాచిపెట్టి లేని జబ్బును కాగితం మీద పెట్టించడమేనా? నేను అసలు చీటీనే ఇచ్చాను. అది కొన్నాళ్లు ఎటూ కదలలేదు. మా డిపార్ట్‌మెంట్ మేడం ఒకరు స్వయంగా ఫైలు పట్టుకుని తిరిగితే చివరికి ఒప్పుకున్నారు. అందరికీ అలాంటి మేడం దొరకరు. మీ రికార్డుల్లో టైఫాయిడ్ అని ఉన్న కాగితాల్లో ఎన్ని నిజంగా టైఫాయిడో ఒకసారి ఆలోచించండి. ఈ జబ్బు మా కాలేజీలో లేదని మీరు అనుకోవడానికి ఆ కాగితాలు కూడా ఒక కారణం.

నల్లగొండవాళ్లకు ఈ సంగతి అర్థం కావాలి. మర్రిగూడ, నాంపల్లి వైపు పల్లెల్లో తరతరాలుగా ఫ్లోరైడ్ నీళ్లు తాగి ఎముకలు వంగిపోయినవారు ఉన్నారు. ఆ ఫ్లోరైడ్ కంటికి కనిపించదు. నడవలేని మనిషిని చూసి "ఒళ్లు వంచడం లేదు" అని మనం అనలేదు. నీళ్ల సీసాలు పట్టుకుని ఢిల్లీ దాకా వెళ్లాం. జబ్బు మనిషి గుణంలో లేదని, మనిషి బతుకుతున్న పరిస్థితుల్లో, ఒంట్లో ఉందని ఈ నేల మీద అందరికీ తెలుసు. మనసు వంగిపోయినప్పుడు మాత్రం ఆ తెలివి ఎందుకు మరచిపోతాం? "ఫోనులు ఎక్కువయ్యాయి", "మేము కిరోసిన్ దీపాల కింద చదువుకున్నాం" అని క్లాసులో అనే ముందు, వింటున్నవారిలో ఒకరు ఆ మాటను రాత్రంతా తలచుకుంటారని గుర్తుంచుకోండి.

డిటెయిన్ (హాజరు చాలక పరీక్షకు ఆపేయడం) అన్న ఒక్క మాట వెనక ఏమేం జరుగుతాయో కూడా మీకు తెలియాలి. స్కాలర్‌షిప్‌కు హాజరుతో ముడి. అది ఆగితే మెస్ బిల్లు ఆగుతుంది. మెస్ బిల్లు కట్టకపోతే హాస్టల్ ఖాళీ చేయాలి. మగపిల్లవాడైతే హైదరాబాద్‌లో డెలివరీ పనికి వెళ్లిపోతాడు, మళ్లీ చదువుకు రావడం కష్టం. ఆడపిల్ల ఇంటికి వెళితే సంబంధాలు చూడటం మొదలవుతుంది. జబ్బుతో ఉన్నదాన్ని పెళ్లి పీటల మీద కూర్చోబెడతారు, పెళ్లయితే అన్నీ సర్దుకుంటాయని పెద్దవాళ్లు నిజంగానే నమ్ముతారు. కొందరిని ముందు జాన్‌పహాడ్ దర్గాకు తీసుకెళతారు. మొక్కుకోవడాన్ని నేను తప్పుపట్టను, మా అమ్మ కూడా మొక్కుకుంది. ఆసుపత్రికి కూడా వెళ్లాలని మాత్రమే అంటాను.

పాలమూరు పిల్లల సంగతి వేరే చెప్పాలి. తల్లిదండ్రులు ముంబయిలోనో పుణెలోనో మేస్త్రీ పనుల్లో, మట్టి పనుల్లో ఉంటారు. ఊళ్లో ఇంటికి తాళం ఉంటుంది, లేదా కళ్లు సరిగా కనిపించని నానమ్మ ఉంటుంది. దసరాకు, సంక్రాంతికి హాస్టల్ మూసేస్తే వీళ్లు ఎక్కడికి వెళ్లాలి? పండుగ రోజుల్లో మూతపడిన ఇంటి ముందు కూర్చునే పిల్లవాడి రంది సెలవుల తర్వాత క్లాసులోకి కూడా వస్తుంది. హాస్టల్‌లో కనీసం ఒక బ్లాకు, రెండు పూటల అన్నం సెలవుల్లో కూడా ఉంచడం అసాధ్యమైన పని కాదు. వీళ్ల విషయంలో "తల్లిదండ్రులను తీసుకుని రా" అనే మాట కూడా ఆలోచించి అనాలి. మేస్త్రీ దగ్గర అడ్వాన్సు తీసుకుని వెళ్లిన తండ్రి మీ ఆఫీసుకు రావాలంటే రోజుల కూలి, రైలు ఛార్జీ పోగొట్టుకోవాలి. వచ్చాక కొడుకును కొట్టి వెళతాడు.

నేను అడుగుతున్నది దయతో చేయాల్సిన పని మాత్రమే కాదు, చట్టం ప్రకారం కూడా చేయాల్సినది. విశాఖపట్నంలో నీట్‌కు చదువుతూ 2023లో మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ 15 మార్గదర్శకాలు జారీ చేసింది. అవి కోచింగ్ సెంటర్లకే కాదు, ప్రభుత్వ, ప్రైవేటు కళాశాలలకు, విశ్వవిద్యాలయాలకు, హాస్టళ్లకు కూడా వర్తిస్తాయి. 100 మంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో శిక్షణ పొందిన కౌన్సెలర్‌నో, సైకాలజిస్టునో, సామాజిక కార్యకర్తనో కనీసం ఒకరిని నియమించాలి. అంతకన్నా చిన్న సంస్థలు బయటి నిపుణులతో ఏర్పాటు చేసుకోవాలి. బోధన, బోధనేతర సిబ్బందికి ఏడాదికి కనీసం రెండుసార్లు శిక్షణ ఇవ్వాలి. సహాయ నంబర్లు హాస్టళ్లలో, తరగతి గదుల్లో పెద్ద అక్షరాలతో కనిపించాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం కూడా ఉంది. చికిత్స విషయంలో మానసిక జబ్బు ఉన్నవారిని ఒంటి జబ్బు ఉన్నవారితో సమానంగా చూడాలని అందులోని 21వ సెక్షన్, వారి వివరాలు గోప్యంగా ఉంచాలని 23వ సెక్షన్ చెబుతున్నాయి. ఆసుపత్రిలో నాకున్న సమానత్వం మీ కౌంటర్ దగ్గరికి రాగానే ఎందుకు పోవాలి?

"కౌన్సెలింగ్ సెల్ ఉంది కదా" అని మీరనవచ్చు. చాలా చోట్ల అది తలుపు మీద ఒక బోర్డు, ఇన్‌ఛార్జిగా ఒక అధ్యాపకుడి పేరు. ఆయనే ఇంటర్నల్ మార్కులు వేసేది. మార్కులు వేసే మనిషి ముందు ఎవరు నోరు విప్పుతారు? కౌన్సెలర్ వేరే మనిషి కావాలి, తెలుగులో, వీలైతే ఉర్దూలో, లంబాడీలో మాట్లాడగలగాలి. ఆ గది ప్రిన్సిపాల్ గది ఎదురుగా ఉండకూడదు. లోపల చెప్పిన మాట స్టాఫ్ రూములో టీ తాగుతూ బయటికి రాకూడదు. ఒక్కసారి వచ్చిందంటే ఆ గదికి ఇక ఎవరూ రారు.

మానసిక ఆరోగ్య సహాయానికి ఫోను చేసే టెలిమానస్ నంబరు 14416. కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబర్ 10న ప్రారంభించింది. రాత్రి ఏ వేళకైనా ఉచితంగా పలుకుతుంది, తెలుగులో మాట్లాడవచ్చు. మెస్‌లో వారం మెనూ రాసే బోర్డు పక్కన ఆ నంబరు రాయించండి. మేమందరం రోజూ చూసే గోడ అదొక్కటే.

నిధులు లేవు, సిబ్బంది లేరు అనే మాట నిజమే కావచ్చు. పార్ట్‌టైం అధ్యాపకులతో డిపార్ట్‌మెంట్లు నడుస్తున్నాయని మాకు తెలుసు. కానీ ఒకప్పటిలా ప్రతిదానికీ హైదరాబాద్‌లోని ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి వెళ్లాల్సిన రోజులు కావివి. మహబూబ్‌నగర్‌లో 2016లో, నల్లగొండలో, సూర్యాపేటలో 2019లో, నాగర్‌కర్నూల్‌లో, వనపర్తిలో 2022లో ప్రభుత్వ వైద్య కళాశాలలు వచ్చాయి. వైద్య కళాశాల అంటే మానసిక వైద్య విభాగం ఉండాల్సిందే. ఆ విభాగాధిపతికి మీరు ఒక లేఖ రాసి, నెలకు ఒక రోజు డాక్టరును మీ క్యాంపస్‌కు పంపమని అడగండి. అది కుదరకపోతే వారానికి ఒక రోజు కాలేజీ బస్సును ఓపీ వేళకు అటు తిప్పండి. దీనికి కొత్త జీవో అక్కర్లేదు.

ఒక కష్టమైన మాట కూడా రాయాలి. కొందరు విద్యార్థులకు బతకాలని అనిపించదు. ఆ మాట అడిగితే లేని ఆలోచన పుట్టిస్తామేమోనని వార్డెన్లు భయపడతారు. అడగడం వల్ల ఆ ఆలోచన పుట్టదు, అడిగినందుకు ఊపిరి పీల్చుకుంటారు. "చచ్చిపోవాలని అనిపిస్తోందా?" అని మెల్లగా, సూటిగా అడగండి. అవునంటే ఆ మనిషిని ఒంటరిగా వదలకండి, మందలించకండి, వెంట ఉండి ఆసుపత్రికి తీసుకెళ్లండి. అలాంటప్పుడు ఇంటివాళ్లకు చెప్పక తప్పదు. మిగతా సందర్భాల్లో ముందు విద్యార్థిని అడిగి, అతను ఎవరికి చెప్పమంటే వారికే చెప్పండి.

ఈ లేఖ ఏ గదిలోనైనా పడుకుని చదువుతున్న తమ్ముడికి, చెల్లెలికి: ఇప్పుడు లేచి క్లాసుకు వెళ్లమని నేను చెప్పను. ముఖం కడుక్కో. ఏదో ఒకటి తిను. నీకు నమ్మకమున్న ఒక్కరికి "నాకు బాగా లేదు, ఆసుపత్రికి తోడు రా" అని మెసేజ్ పెట్టు. అది కూడా చేతకాకపోతే 14416కు ఫోను చెయ్యి. పోయిన సెమిస్టర్ గురించి తర్వాత చూద్దాం.

అయ్యా, అమ్మా, ఈసారి జాబితా మీ టేబుల్ మీదికి వచ్చినప్పుడు దాన్ని నోటీసు బోర్డుకు పంపే ముందు కొన్ని రోజులు ఆపండి. అసలు అప్పటిదాకా కూడా ఆగకుండా, రెండు వారాలు వరుసగా రాని ప్రతి విద్యార్థి గదికి ఎవరో ఒకరిని పంపండి. వెళ్లినవారు హాజరు మాట ఎత్తకుండా నిద్ర పడుతోందా, తింటున్నావా, ఎన్నాళ్ల నుంచి ఇలా ఉంది అని అడగాలి. మానసిక వైద్యుల చీటీని టైఫాయిడ్ చీటీతో సమానంగా తీసుకుంటామని కండోనేషన్ దరఖాస్తు మీదనే అచ్చు వేయించండి. గదులకు వెళ్లడానికి మనుషులు చాలరంటే, ఈ దారిలో నడిచి వచ్చిన సీనియర్లం కొందరం ఉన్నాం. ముందు ఒక పూట శిక్షణ ఇప్పించి పిలవండి, శనివారాల్లో వస్తాం.

ఇట్లు,
ఒక పీజీ విద్యార్థిని,
నల్లగొండ జిల్లా